యాంప్ అమ్మే ముందు నిద్ర గురించి అడగండి

గిటార్ల షాపులో ఇరవై రెండేళ్ళు పనిచేశానని చెప్తే ఎవరైనా ముందు అడిగేది, అయితే మీరు బ్రహ్మాండంగా వాయిస్తారా అని. నాకు గిటార్ రాదు. తీగల్ని కలిపి నొక్కి మీటే కార్డులు (chords) మూడు వచ్చు, వాటిలో ఒకటి ఇప్పటికీ సరిగ్గా పలకదు. రాజమండ్రిలో రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసే దుకాణంలో పని నేర్చుకుని, దోహా వచ్చి, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో ఒక మ్యూజిక్ షాపులో చేరాను. పొద్దున వెనక గదిలో సోల్డరింగ్, సాయంత్రం ముందు కౌంటర్లో అమ్మకం. పోయిన నెలలో రిటైరయ్యాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను, చెప్పుకునేంత రాలేదు కూడా. చేరిన రోజున మీ చేతికి కేటలాగ్ ఇస్తారు. అందులో వాట్లు, స్పీకర్ ఇంచీలు, ఎఫెక్టుల సంఖ్య ఉంటాయి. అవన్నీ రెండు వారాల్లో నోటికి వచ్చేస్తాయి. నాకు రానిది ఇంకొకటుంది. కొనేవాడు ఆ పెట్టెను ఎక్కడ పెట్టుకుంటాడు, దాని పక్కన ఎవరుంటారు అని అడగడం. అది నేర్చుకోవడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. ఆ ఆలస్యం ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చింది. ముందే చెప్పేస్తున్నాను, అతను క్షేమంగా ఉన్నాడు. లేకపోతే ఇది రాసే ధైర్యం నాకు ఉండేది కాదు.

గిటార్ సంగతి తెలియని వాళ్ళకి ఒక్క మాట. ఎలక్ట్రిక్ గిటార్‌ని ఊరికే మీటితే పక్క మనిషికి కూడా సరిగ్గా వినబడదు. దాన్ని వైరుతో యాంప్‌కి కలపాలి. యాంప్ అంటే లోపల సర్క్యూటు, ముందు స్పీకరు ఉన్న పెట్టె. ఎఫెక్టులంటే మధ్యలో కలిపే చిన్న డబ్బాలు. ఒకటి శబ్దాన్ని గరగరలాడిస్తుంది, ఇంకొకటి ప్రతిధ్వని తెస్తుంది, మరొకటి సాగదీస్తుంది. వాటిని కాలితో నొక్కుతారు. తక్కువ ఖర్చులో వీటిని కుదర్చడమే నా ఉద్యోగం.

కురియన్ గారి ఛాతీ సిద్ధాంతం

మా మేనేజర్ కురియన్ గారు కేరళ మనిషి. గిటార్ శబ్దం చెవికి కాదు, ఛాతీకి తగలాలి అనేవారు. ఎవరు వచ్చినా ముందు పెద్ద యాంప్ చూపించమనేవారు. కస్టమర్‌ని దాని ముందు రెండడుగుల దూరంలో నిలబెట్టి, వాల్యూమ్ సగానికి తిప్పి, ఒక్క తీగ మీటేవారు. ఎంత గట్టి మనిషైనా అక్కడ పడిపోతాడు. ఆ తర్వాత చిన్న యాంప్ వినిపిస్తే చప్పగా ఉంటుంది, అంతే, పెద్దది బిల్లు కట్టించుకోవచ్చు. ఈ కిటుకు నేనూ నేర్చుకున్నాను. సిగ్గుపడుతూ చెప్తున్నాను, ఆయనకంటే బాగా చేసేవాణ్ణి.

ఆయన చెడ్డవారని కాదు. వైరు మెలిపడకుండా చుట్టడం ఆయనే నేర్పారు. కస్టమర్ పాత గిటార్‌ని చూసి మొహం చిట్లించకూడదని నేర్పారు. వాయించడం రాని మనిషి షాపులో వాయిస్తుంటే అతని వైపు చూడకు, వెళ్ళి షెల్ఫులు తుడువు అనేవారు. ఇరవై రెండేళ్ళలో నేను తుడిచినన్ని షెల్ఫులు దోహాలో ఇంకెవరూ తుడిచి ఉండరు. మంచి బాస్ దగ్గర కూడా ఒక తప్పు పాఠం ఉంటుంది. దాన్ని మంచి పాఠాలతో పాటు మూటకట్టి తీసుకుంటాం, అక్కడే వస్తుంది చిక్కు.

అల్ ఘర్రాఫాలో కాలిన వాసన

నా మొదటి పెద్ద తప్పు ఫోన్లో జరిగింది. అల్ ఘర్రాఫాలో విల్లాలో ఉండే విజయవాడ ఇంజనీరు ఒకాయన, వాళ్ళమ్మాయి గిటార్ నేర్చుకుంటోందని మా దగ్గరే గిటార్ కొన్నారు. యాంప్ మాత్రం కొనలేదు. దేశం వదిలి వెళ్ళిపోతున్న అమెరికన్ పొరుగింటాయన తనది ఇచ్చేశాడట. ఇంటికి తెచ్చుకున్నాక ప్లగ్గు మన సాకెట్లో పట్టడం లేదని ఫోన్ చేశారు. ఇక్కడి సాకెట్లకి మూడు చదరపు పిన్నులు కావాలి. ఏముందండీ, ఏ సూపర్‌మార్కెట్లోనైనా అడాప్టర్ దొరుకుతుంది, తగిలించేయండి అన్నాను. ఆయన తగిలించారు. పెట్టెలోంచి పొగ వచ్చింది.

ఆ యాంప్ నూటపది వోల్టులది. ఇక్కడి కరెంటు దానికి రెట్టింపు పైన. పొరుగింటాయన మధ్యలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుని వాడేవాడు, అది ఇవ్వడం మర్చిపోయాడు. వెనక అంటించిన చీటీ మీద ఏం రాసుందో చదవమని నేను అడిగితే సరిపోయేది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ అమ్మాయి మాత్రం కొన్నాళ్ళు ప్లగ్గు ముట్టుకోవడానికి భయపడిందట. మాడిన యాంప్‌ని ఆయనే షాపుకి పట్టుకొచ్చారు. తిట్టలేదు. మీరు అడిగి ఉంటే చదివి చెప్పేవాణ్ణి కదండీ అన్నారు, అంతే. తిట్టినా బాగుండేది.

అప్పటినుంచీ ఎవరు ఫోన్ చేసినా వెనక చీటీ చదివించేవాణ్ణి. ఎఫెక్టు డబ్బాకి కీబోర్డు అడాప్టర్ తగిలిద్దామనే వాళ్ళని ఆపి, ప్లస్సు మైనస్సు గుర్తు చూపించి, ఇవి తలకిందులైతే డబ్బా పోతుందని చెప్పేవాణ్ణి. నేను పాఠం నేర్చుకున్నాననే అనుకున్నాను. నిజానికి నేను కరెంటు గురించి అడగడం నేర్చుకున్నాను, మనుషుల గురించి కాదు.

గట్టిగా వినబడేది

రిటైరవడానికి రెండు వేసవుల ముందు సంగతి ఇది. శుక్రవారం మా షాపు కిటకిటలాడుతుంది. కార్మికుల క్యాంపుల నుంచి సిటీకి వచ్చినవాళ్ళు కొనకపోయినా వచ్చి చూసి వెళ్తారు. ఆ రోజు గంగాధర్ వచ్చాడు. జగిత్యాల వైపు పల్లె, బిల్డింగుల దగ్గర ఇనుప రాడ్లు కట్టే పని, ఉండేది బిర్కత్ అల్ అవామిర్‌లో కంపెనీ క్యాంపు. ఊళ్ళో ఉండగా మేనమామ నడిపే పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో మూడు సీజన్లు గిటార్ వాయించాడట. ఫిలిప్పీన్స్ తోటి పనివాడు ఇంటికి వెళ్ళిపోతుంటే అతని ఎలక్ట్రిక్ గిటార్ కొనుక్కున్నాడు. ఇప్పుడు యాంప్ కావాలి, దాంతోపాటు ఒక ఎఫెక్టు డబ్బా.

వెంట వాళ్ళ బావ మల్లేశం ఉన్నాడు. వయసులో పదేళ్ళు పెద్ద, స్కాఫోల్డింగ్, అంటే బిల్డింగుల చుట్టూ ఇనుప పైపుల సారువ, కట్టే పని, అదే గది. మాట్లాడిందంతా అతనే. గంగాధర్ ఏదైనా అనబోతే నువ్వాగరా అని, వాడి తరఫున తనే చెప్పేవాడు.

"మావోడు స్టేజి మీద కొట్టిన మనిషి సార్. గట్టిగ ఇనవడేది ఇయ్యుండ్రి."

ఇంకేం కావాలి నాకు. యాభై వాట్ల యాంప్ ముందు ఇద్దర్నీ నిలబెట్టి కురియన్ గారి విద్య అంతా ప్రదర్శించాను. మల్లేశం ఛాతీ మీద చెయ్యి వేసుకుని నవ్వాడు. మీది ఏ మండలం, ఎన్నేళ్ళయింది వచ్చి, సెలవు ఎప్పుడు అని అన్నీ అడిగాను. ఊళ్ళో వాళ్ళంతా మీరు దుబాయ్‌లో ఉన్నారనుకుంటారు కదా అని జోకు కూడా వేశాను. గదిలో ఎంతమంది ఉంటారో మాత్రం అడగలేదు.

గంగాధర్ ఒక్కసారి నెమ్మదిగా, సార్ దీన్ని చిన్నగా పెట్టుకోవచ్చా అన్నాడు. వాల్యూమ్ నాబ్ ఉంది కదయ్యా, తిప్పుకో అన్నాను. ఈ జవాబు మీరు ఎవరికీ చెప్పకండి. పెద్ద యాంప్‌లో నాబ్ సున్నా మీద ఉంటే ఏమీ వినబడదు, ఒకటి దాటితే గోడలు అదురుతాయి. ఆ మధ్యలో వెంట్రుకవాసి చోటుంటుంది. అంత తక్కువలో పెద్ద స్పీకర్ సరిగ్గా పలకదు కూడా. గరగర డబ్బా కలిపితే చెవిలో జోరీగ దూరినట్టు ఉంటుంది. తన వేళ్ళే బాగోలేవేమో అనుకుని మనిషి ఇంకాస్త పెంచుతాడు. తప్పు వేళ్ళది కాదు, అమ్మినవాడిది.

ఆ గది పద్ధతి

తర్వాత తెలుసుకున్నది ఇక్కడే చెప్తాను. ఆ గదిలో కిందొకటి పైనొకటి ఉండే ఇనుప డబుల్ మంచాలు మూడు, ఆరుగురు మనుషులు. నలుగురికి పగటి డ్యూటీ, మల్లేశానికీ ఇంకొకరికీ రాత్రి డ్యూటీ. ఇలాంటి గదుల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు నిద్రలో ఉంటారు కాబట్టి, ఎవరూ రాయకపోయినా కొన్ని పద్ధతులుంటాయి. చెప్పులు బయటే విప్పాలి. లైటు వెయ్యకూడదు. ఫోన్ మోగకూడదు, మాట్లాడాలంటే కారిడార్లోకి పోవాలి. అన్నం గిన్నె మూత కూడా చప్పుడు కాకుండా పెడతారు. పెద్ద పెద్ద ఇళ్ళలో లేని మర్యాద ఆ గదిలో ఉంది.

వేసవిలో మధ్యాహ్నం ఎండలో బయట పని చేయించకూడదని ఇక్కడ రూలు. అందుకని పగటి డ్యూటీ వాళ్ళని చీకటితోనే తీసుకెళ్ళి, ఎండ ముదిరేసరికి గదికి తెచ్చేస్తారు. గంగాధర్‌కి తిన్నాక దొరికే ఖాళీ మధ్యాహ్నమే. పొద్దున స్నానం చేసి, వండుకు తిని, తొమ్మిదింటికి పడుకునే మల్లేశానికి నిద్ర చిక్కబడేది కూడా అప్పుడే.

వాడు రోజూ అడిగేవాడట, బావా బంద్ చెయ్యాల్నా అని. కొట్టుకోరా, నాకేం గాదు అని మల్లేశం గోడ వైపు తిరిగేవాడు. తువ్వాలు తలకి చుట్టుకునేవాడు. మిగతావాళ్ళు విసుక్కుంటే, వాని మానాన వాన్ని కొట్టుకోనియ్యుండ్రి అని తనే సర్దిచెప్పేవాడు. పెద్దమనిషే ఒప్పుకున్నాక వాళ్ళేమంటారు. గంగాధర్ యాంప్ మీద దుప్పటి కప్పాడు, దాని ముఖం గోడకి తిప్పాడు, దిండు అడ్డం పెట్టాడు. యాభై వాట్ల పెట్టెకి దిండు ఒక లెక్క కాదు. మూడు వారాలు అలా గడిచాయి.

మూడో వారం చివర, డ్యూటీ అయిపోవచ్చే వేళ, మల్లేశం స్కాఫోల్డింగ్ పలక మీద నిలబడే కునుకు తీశాడు. కాలు జారింది. నడుముకీ భుజాలకీ కట్టుకునే బెల్టు కొక్కెం తగిలించి ఉండబట్టి, గాల్లో వేలాడాడు. పక్కవాళ్ళు పైకి లాగారు. సేఫ్టీ ఆఫీసర్ అడిగితే ఉక్కపోతకి కళ్ళు తిరిగాయని చెప్పాడు. గదిలో అసలు చెప్పలేదు. అదే షిఫ్టు మనిషి నోరు జారి గంగాధర్‌తో అన్నాడు.

తిరిగొచ్చిన యాంప్

ఒక మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు గంగాధర్ టాక్సీలోంచి ఆ పెట్టె దింపుకుని, చెమటలు కక్కుతూ మోసుకొచ్చి కౌంటర్ పక్కన పెట్టాడు. వీపు మీద గిటార్ కూడా ఉంది. పాడైపోయిందేమో అనుకుని నేను స్క్రూడ్రైవర్ తీశాను.

"మంచిగనే ఉన్నది సార్. నాకే అద్దు. ఇగ నేను గిటార్ ముట్ట. ఇది గూడ ఎవలకన్న అమ్మియ్యుండ్రి."

ఏమైందయ్యా అన్నాను. జరిగిందంతా నిలబడే చెప్పాడు. బావ పడ్డడు, నిద్ర లేక పడ్డడు, నా వల్లనే పడ్డడు అని అదే మాట తిప్పి తిప్పి అన్నాడు. నేను స్క్రూడ్రైవర్ కౌంటర్ మీద పెట్టేశాను.

"ఇప్పుడెలా ఉన్నాడు మీ బావ?"

"మంచిగున్నడు సార్. సంకల కింద బెల్టు ఒత్తుకుని కమిలింది, గంతే. ఒక దినం రెస్టిచ్చిన్రు. అన్నం తిని పండుకున్నడు."

అన్నం తిని పండుకున్నడు అన్న మాట విన్నాక నాకు ప్రాణం లేచొచ్చింది. స్టూలు లాక్కుని కూర్చున్నాను. అంత హాయిగా నేను ఎప్పుడూ ఊపిరి పీల్చుకోలేదు, అంత సిగ్గుగానూ ఎప్పుడూ అనిపించలేదు. ఆ రెండూ ఒకేసారి వస్తాయని అప్పటిదాకా తెలియదు.

ఒక్కసారైనా ఆపమన్నాడా అని అడిగాను. అననే అనలేదు సార్, అంటే అప్పుడే బంద్ జేస్తుంటి గద అన్నాడు. తప్పు నీది కాదు, నాది అని చెప్పాను. వాడు నమ్మలేదు. పెద్దవాళ్ళు ఊరుకోబెట్టడానికి అలాగే అంటారనుకున్నాడు. అప్పుడు నేను కాగితం తీసి, నువ్వు ఎక్కడ కూర్చుని వాయిస్తావు, మీ బావ మంచం ఎటువైపు, ఎవరు ఏ వేళ పడుకుంటారు అని ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నాను. గిటార్ అమ్మేది లేదు, మంగళవారం నాకు సెలవు, నేను మీ గదికి వస్తాను అన్నాను. వాడు వద్దన్నాడు. మల్ల బావకు నిద్ర లేకుంట అయితది అన్నాడు. ఆయన లేస్తే నేనే ఆ గిటార్ మోసుకొచ్చేస్తాను, అప్పుడు నిజంగానే అమ్మేద్దువుగాని అని ఒప్పందం చేసుకున్నాను.

అమ్మిన యాంప్ వెనక్కి తీసుకోకూడదని మా షాపు నియమం. కురియన్ గారికి విషయం చెప్పాను. ఆయన పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, గీతలు పడ్డాయని సణిగి, డెమోకి పనికొస్తుందిలే అని లోపలికి తీసుకెళ్ళారు. ఆ తర్వాత కూడా ఆయన పెద్దదే ముందు చూపించేవారు. మనుషులు ఒక్క కథతో మారిపోరు. నేను మాత్రం ఆ రోజుతో ఆ కిటుకు మానేశాను.

నా సంచీలో పెట్టుకున్నవి

మంగళవారం కోసం ఏం తీసుకెళ్ళాలా అని నాలుగు రోజులు ఆలోచించాను. ఇంకెవరికైనా అయితే అయిదు వాట్ల చిన్న యాంప్ ఇచ్చి, చూశావా ఎంత బుజ్జిగా ఉందో అనేవాణ్ణేమో. చదువుకునే పిల్లవాడికి, సొంత గది ఉన్నవాడికి అది చాలు. నిజానికి ఇంట్లో వాయించేవాళ్ళలో చాలామందికి అంతకు మించి అక్కర్లేదు. కొనేటప్పుడు చూడాల్సింది వాట్లు కాదు, హెడ్‌ఫోన్ రంధ్రం ఉందా, తక్కువ వాల్యూమ్‌లో కూడా బాగా పలుకుతుందా అన్నది. షాపులో వినేటప్పుడు ఇంట్లో పెట్టుకునేంత చిన్నగా పెట్టి వినండి. అప్పుడు బాగుంటేనే బాగున్నట్టు.

గంగాధర్ గదికి అయిదు వాట్లు కూడా ఎక్కువే. అందుకని వెనక్కిచ్చిన పెట్టె డబ్బుకి బదులుగా, యాంప్ అనేదే లేకుండా మల్టీ ఎఫెక్ట్స్ డబ్బా ఒకటి తీసుకున్నాను. కొత్త రకాల్లో అన్ని ఎఫెక్టులతో పాటు యాంప్ పలుకు కూడా లోపలే ఉంటుంది. హెడ్‌ఫోన్ దానికే పెట్టుకోవచ్చు. శ్రుతి చూసే మీటరు, వెంట కొట్టే డ్రమ్ముల తాళం ఉంటాయి. నాలుగు విడి డబ్బాలు కొంటే నాలుగు అడాప్టర్లు, మధ్యలో వైర్లు, ఎక్కడో ఒకచోట గుర్రుమనే శబ్దం, దానికోసం మళ్ళీ నా దగ్గరికి రావడం. మొదటిసారి కొనేవాళ్ళకి విడి డబ్బాల మోజు వద్దని నా గట్టి అభిప్రాయం. వందల ఎఫెక్టులు ఉన్నాయని అట్ట మీద రాసినదాన్నీ నమ్మకండి. ఎవరైనా వాడేది మూడు. కొంచెం గరగర, కొంచెం ప్రతిధ్వని, ఏమీ లేని శుభ్రమైన పలుకు.

మరి స్టేజి సంగతేమిటని మల్లేశంలాగే మీ కస్టమర్ కూడా అడుగుతాడు. స్టేజికి యాంప్ మోసుకెళ్ళక్కర్లేదు. ఏ ఫంక్షన్ హాల్లోనైనా సౌండ్ సిస్టమ్ ఉంటుంది, ఈ డబ్బా వైరుని నేరుగా వాళ్ళ మిక్సర్‌కి ఇస్తే చాలు. ఇది తెలిసి కూడా నేను ఆ శుక్రవారం చెప్పలేదు. చెవి మొత్తాన్ని మూసే హెడ్‌ఫోన్లు కూడా సంచీలో వేశాను. తెరిచి ఉండే రకంలో లోపలి శబ్దం బయటికి కారుతుంది, గదిలో వాడేవాడికి అది ఇవ్వకూడదు.

మల్లేశం పక్కన

క్యాంపు గేటు దగ్గర నా ఐడీ కార్డు తీసుకుని లోపలికి పంపారు. గంగాధర్ ముందే క్యాంప్ బాస్‌ని అడిగి ఉంచాడు. పన్నెండున్నరకి గది ముందు చెప్పులు విప్పాను. కర్టెన్ వేసి ఉంది, ఏసీ ఆడుతోంది. కింద మంచం మీద మల్లేశం గోడ వైపు తిరిగి నిద్రపోతున్నాడు. తువ్వాలు చుట్టుకోలేదు. ఇక గిటార్ మోత ఉండదన్న నమ్మకంతో పడుకున్నాడన్నమాట. భుజం కింద కమిలిన చోటు కనబడింది. నేను అటు చూడలేకపోయాను.

గంగాధర్ డబ్బా నేల మీద పెట్టి, వైరు కలిపి, హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. కాలితో మొదటి బటన్ నొక్కాడు. టక్కుమంది. ఇనుప బటన్ టైల్స్ మీద అంత చప్పుడు చేస్తుందని షాపులో నాకెప్పుడూ తెలియలేదు, మా షాపు అంత నిశ్శబ్దంగా ఎప్పుడుంది గనుక. మల్లేశం కదిలాడు. మళ్ళీ గురక మొదలైంది. గంగాధర్ తన లుంగీ నాలుగు మడతలు వేసి డబ్బా కింద పెట్టాడు. కాలితో కాదు, చేత్తో నొక్కు అని నేను సైగ చేశాను.

మొదటి పాట సగంలో మల్లేశం ఇంకోసారి కదిలాడు. ఈసారి ఏం చప్పుడైందో ఎంత వెతికినా అర్థం కాలేదు. తీగల మీద గోరు తగిలే చప్పుడు తప్ప గదిలో ఏమీ లేదు. అప్పుడు చూశాను. గంగాధర్ కూర్చున్నది బావ మంచం అంచున. తాళం కోసం కాలు ఆడిస్తున్నాడు. ఆ ఇనుప మంచం మొత్తం సన్నగా ఊగుతోంది. చెవిని మూశాం గానీ ఒంటిని మర్చిపోయాం. కారిడార్లోంచి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి రెండు చేతులతో ఎత్తి తెచ్చి, మంచానికి తగలకుండా వేశాను.

ఆ కుర్చీలో వాడు వాయించాడు. నేను గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని మల్లేశం వీపునే చూస్తున్నాను. పది నిమిషాలైంది, అరగంట అయింది. గురక ఆగలేదు. గంగాధర్ మొహం నెమ్మదిగా విప్పారింది, కళ్ళు మూసుకున్నాడు, వేళ్ళు పైకీ కిందకీ పరిగెడుతున్నాయి. వాడేం వాయిస్తున్నాడో నాకు ఒక్క ముక్క వినబడలేదు. ఇన్నేళ్ళలో నేను తృప్తిగా విన్న కచేరీ మాత్రం అదే. మధ్యలో నాకు తెలియకుండానే నవ్వొచ్చింది, కళ్ళు కూడా తుడుచుకున్నాను. నా గుండెల మీద మోపు ఆ గురక వింటూ వింటూ దిగిపోయింది.

నాలుగు దాటాక మల్లేశం తనంతట తానే లేచాడు. ఒళ్ళు విరుచుకుని, నన్ను చూసి నమస్తే పెట్టాడు. తర్వాత ఒళ్ళో గిటార్ పెట్టుకుని ఊరికే కూర్చున్న బామ్మర్దిని చూశాడు. అతని మొహం ముడుచుకుపోయింది.

"ఏందిరా, చేతుల పట్టుకోని గట్లనే కూసున్నవ్? నేను పండుకున్ననని బంద్ వెట్టినవా? నీకెన్నిసార్లు జెప్పాలె, నాకేం గాదని."

పై మంచం మీద ఒకతను దుప్పట్లో మొహం దాచుకుని నవ్వాడు. మల్లేశంగారూ, మీవాడు మూడు గంటలుగా మీ పక్కనే వాయిస్తున్నాడు అని నేను చెప్పాను. అతను నమ్మలేదు. గంగాధర్ హెడ్‌ఫోన్ తీసి అతని చెవులకి పెట్టి, మీటాడు.

మల్లేశం మంచం మీద మెల్లగా కూలబడ్డాడు. ఒక చెయ్యి ఛాతీ మీదికి పోయింది. పాట అయ్యేదాకా కదల్లేదు. చెవులు మూసుకుని ఉన్నాయి కదా, తను ఎంత గట్టిగా మాట్లాడుతున్నాడో తెలియక, మస్తున్నదిరా అని గది అదిరేట్టు అరిచాడు. మూలన నిద్రపోతున్న రెండో రాత్రి డ్యూటీ మనిషి ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. ఆ రోజు ఆ గదిలో ఎవరి నిద్రైనా చెడిందంటే ఆ కేకకే.

డ్యూటీ బస్సు హారన్ కొట్టింది. మల్లేశం హెల్మెట్, బెల్టు తీసుకుని, గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"ఏమో సార్, ఇయ్యాల మంచిగ నిద్ర వట్టింది" అన్నాడు.

ఇక రోజూ పడుతుంది అన్నాను. ఇరవై రెండేళ్ళలో ఆ కౌంటర్ మీద ఎన్నో గ్యారంటీ కార్డుల మీద సంతకం పెట్టాను. బెంగ లేకుండా ఇచ్చింది ఈ ఒక్కటే.